అన్నీ నాలుగులే

పోయిన వారం మనం ఆగిన చోట నా కొట్లో ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చున్న నర్సమ్మ చేతిలో బొటనవేలంత గాజుసీసా ఉంది. దాన్ని అటూ ఇటూ వంచి చూస్తోంది. లోపల కదలాల్సిన మందు కదలడం లేదు. గడ్డకట్టుకుపోయింది.

మధ్యలో వచ్చినవాళ్ళకి వెనకటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ చెడిపోయి నెల దాటింది. కొత్తది వచ్చేదాకా పిల్లల టీకాలు పెట్టుకోవడానికి నా కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో పై అరలు రెండూ ఇమ్మని నర్సమ్మ అడిగింది. ఇచ్చాను. పుణ్యానికి ఇచ్చానని మా ఆవిడ నలుగురిలో చెబుతుంది. నా లెక్క వేరు. ప్రతి బుధవారం పదీ పన్నెండుమంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నా అరుగెక్కుతారు. గంటసేపు వరసలో కూర్చున్న మనిషి సబ్బుబిళ్ళో బిస్కట్ పొట్లమో కొనకుండా లేవదు. పై అరలు పోతే పోయాయి, మిగతా కొట్టంతా ఆడుతుందనుకున్నాను. ఆడింది కూడా.

ఒప్పందంలో నా వంతు పని కూడా ఒకటుంది. నర్సమ్మకి నాలుగు ఊళ్ళు. ఆమె రాని రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫ్రిజ్‌లోని థర్మామీటర్ చూసి, తలుపుకి అంటించిన చార్టులో అంకె వెయ్యాలి. రెండు డిగ్రీలకి తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు.

నర్సమ్మ కింది అరలోని సోడాసీసాలు పక్కకి జరిపి వెనకాల చెయ్యి పెట్టి తడిమింది.

"చల్లదనం తిప్పే చక్రం మూడు మీద పెట్టి వెళ్ళాను కదా బాబాయ్‌గారూ. ఏడు మీద ఉందేమిటి?"

ఏడంటే ఆఖరు. ఆ తర్వాత తిప్పడానికి ఏమీ లేదు.

"నేనే తిప్పానమ్మా," అన్నాను. "ఎండలు మండిపోతున్నాయి గదా. మందుకి ఇంకాస్త చల్లదనం ఉంటే మంచిదే గదా అనుకున్నా."

అందులో అబద్ధం లేదు, కానీ నిజం సగమే ఉంది. సోడాలు గోరువెచ్చగా ఉన్నాయని ఒక లారీ డ్రైవరు నా మొహం మీదే అన్నాడు. మిగతా సగం అది. అయినా తిప్పేటప్పుడు మందు గుర్తులేకపోలేదు. ముప్పై ఏళ్ళుగా చల్లటి సరుకు అమ్ముతున్నాను. పాలు విరిగినా, వెన్న కారినా, ఐస్‌క్రీమ్ జావైనా వేడికే అయ్యాయి. చలికి చెడిన సరుకు నా చేతుల మీదుగా ఒక్కటీ పోలేదు. ఎంత చల్లగా ఉంటే అంత భద్రం అన్నది నా అనుభవం. ఆ అనుభవాన్ని నమ్ముకునే చక్రం తిప్పాను.

"ఇది ఐస్‌క్రీమ్ కాదు కదా," అంది నర్సమ్మ. కోపం లేదు గొంతులో. "వేడికి ఈ మందు మెల్లమెల్లగా చెడుతుంది. గడ్డకడితే మాత్రం అక్కడికక్కడే పోతుంది. మళ్ళీ కరిగినా ఇక పనిచెయ్యదు."

అరుగు మీద భార్యకి బదులు తనే బిడ్డని ఎత్తుకొచ్చిన వడ్రంగి కూర్చుని ఉన్నాడు. "అయితే షావుకారు టీకాలతో పుల్ల ఐసు చేశాడన్నమాట," అన్నాడు. ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతో తీరిపోయే తప్పులు చవకగా తీరినట్టే.

"ఎప్పుడు తిప్పారు?" అని అడిగింది నర్సమ్మ.

నేను నోరు తెరిచేలోపు మా అక్క వచ్చింది.

మా అక్కది ఎదురుగా పిండిమర. వారానికి ఒకసారైనా ఆ మర ముందు నిలబడని ఆడమనిషి మా ఊళ్లో లేదు. డబ్బాలో గింజలు పోసేటప్పుడు అక్క ఏం చెబితే పిండి ఎత్తుకెళ్ళేటప్పుడు అదే ఇంటికి వెళుతుంది. ఆమె పెద్దకొడుక్కి చిన్నప్పుడు సూది వేస్తే తొడ మీద గడ్డ లేచి, మూడు రోజులు జ్వరం కాసింది. ఎందుకు కాసిందని అడిగితే ఆరోజు వేసినవాళ్ళు వినబడనట్టు వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఇరవై ఏడేళ్ళు ఆమె ఇంట్లో టీకా మాట లేదు. ఆమె మాట విన్న ఇళ్ళలోనూ లేదు. నర్సమ్మ మూడు నెలలపాటు గింజలు లేకపోయినా మర దగ్గరికి వెళ్ళి కూర్చుని, అడిగిందానికల్లా జవాబు చెప్పి, చివరికి ఒప్పించింది. పోయిన బుధవారం అక్క తన మనవరాలిని ఎత్తుకుని ఈ అరుగెక్కింది. ఆమెని చూసి వెనకే ఇంకో పదిమంది పిల్లలు వచ్చారు. మొత్తం పదకొండు. మూడు నెలల మాటలకి వచ్చిన రాబడి అది.

మర ఆపి వచ్చినట్టుంది, కనుబొమల మీద పిండి అలాగే ఉంది.

"ఏంట్రా తమ్ముడూ, సూది పడకుండానే నవ్వుతున్నారు?"

నర్సమ్మ జరిగింది చెప్పింది. ఏమీ మిగల్చకుండా చెప్పింది. అక్క గడ్డకట్టిన సీసాని వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇదొక్కటేనా, అన్నీ ఇంతేనా?"

"వెనక గోడకి ఆనుకున్నవి మూడు గడ్డకట్టాయక్కా. ముందు వరసవి నీళ్ళలాగే ఉన్నాయి. కానీ ఒకసారి గడ్డకట్టి కరిగాయేమో కంటికి తెలీదు. ఊపి చూడాలి."

"ఊపితే తెలుస్తుందా?"

"మీకే చూపిస్తా."

నర్సమ్మ గడ్డకట్టిన సీసాని అరచేతిలో మూసి పట్టుకుంది. అది కరిగేదాకా అందరూ ఆమె పిడికిలికేసే చూశారు. పూర్తిగా కరిగాక, ముందు వరసలోంచి అదే రకం సీసా ఇంకోటి తీసింది. రెంటినీ ఒక చేత్తో పట్టుకుని గట్టిగా ఊపింది. రెండూ పల్చటి పాలలా తెల్లబడ్డాయి. నా బల్ల మీద తెల్లకాగితం పరిచి, వాటిని పక్కపక్కన నిలబెట్టింది.

"చెడిందాంట్లో మడ్డి తొందరగా దిగిపోతుంది. పైన తేట కడుతుంది. బాగున్న మందు చాలాసేపు అలా తెల్లగానే ఉంటుంది. అరగంట చూద్దాం. బల్లని ఎవరూ కదపకండి."

మా ఊళ్లో అరగంట నోరు మూసుకుని కూర్చున్న జనాన్ని నేను అంతకు ముందు చూడలేదు. ఏడుస్తున్న పిల్లలకి కూడా సంగతి అర్థమైనట్టు ఊరుకున్నారు. కుట్టుమిషను అమ్మాయి వడ్రంగి చెవిలో, "కుడివైపుది బాగుంటుంది చూడు," అంది. "నీ కుట్టు లాగే ఉంటుందిలే," అన్నాడు వాడు. ఆమె వాడి భుజం మీద ఒక్కటి వేసింది.

ఆ అరగంటలో నేను నా లెక్క చూసుకున్నాను.

చక్రం తిప్పింది పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం. ఇవాళ్టికి పదిరోజులు. సోమవారం పొద్దున సోడాసీసాల్లో మంచుపలుకులు కనిపిస్తే ఎంత బాగా పనిచేస్తోందో అని నాలో నేనే మెచ్చుకున్నాను. మంగళవారం ఒక సీసా పగిలింది కూడా. బుధవారం తెల్లవారకముందే పోయిన కరెంటు తొమ్మిదింటికి గానీ రాలేదు. నర్సమ్మ వచ్చేసరికి అన్నీ కరిగిపోయి, థర్మామీటర్ ఐదు చూపించింది. ఆమె చూసి, సంతోషించి, పదకొండు మంది పిల్లలకి సూదులు వేసింది. ఆ తర్వాత వారంపాటు పట్నంలో శిక్షణకి వెళ్ళి, మళ్ళీ ఇవాళే వచ్చింది.

మరి సోమవారం, మంగళవారం చార్టులో ఏముంది? నాలుగు ఉంది. సోమవారం పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు, మంగళవారం రెండుపూటలా నాలుగు.

మొదటి ఐదు రోజులు నేను నిజంగానే చూసి రాశాను. ఎప్పుడు చూసినా నాలుగు, తప్పితే ఐదు. ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే ప్రశ్నని రోజూ అడగడం నాకు దండగ అనిపించింది. ఆరోరోజు నుంచి చూడకుండా రాశాను. ఆ తర్వాత అదీ దండగే అనిపించి, ఆదివారం ఆదివారం తీరిగ్గా కూర్చుని వారానికి సరిపడా నాలుగులు ఒకేసారి వేసేయడం మొదలుపెట్టాను. చేతిరాత బాగుంటుంది నాది. చార్టు అచ్చు వేసినట్టు ఉండేది. బుధవారం పొద్దుటి గడి నర్సమ్మకి వదిలేవాణ్ణి, ఆమె తన గడి దాకా చూసుకునేదే గానీ ముందు గడుల జోలికి పోయేది కాదు.

అరగంట అయింది. నర్సమ్మ బల్ల దగ్గరికి ముఖం పెట్టి చూసింది. పిలవకుండానే అందరూ లేచి వచ్చారు. రెండు సీసాల్లోనూ పైన సగానికి పైగా తేటనీళ్ళు, అడుగున తెల్లటి మడ్డి. చెడిందేదో, బాగున్నదేదో గుర్తుపట్టడానికి లేదు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"అన్నీ పోయాయి," అంది నర్సమ్మ. "చుక్కల మందుకి గడ్డకట్టినా ఫర్వాలేదు, అది వేస్తాను. ఈ సూదులు మాత్రం ఇవాళ వెయ్యను."

పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ ఈమె మాత్రం, "నా ఊళ్లో జరిగింది కాబట్టి నాదే బాధ్యత సార్," అంది రెండుసార్లు. మధ్యాహ్నం బస్సులో మంచుపెట్టెతో కొత్త మందు పంపిస్తామన్నారు. తల్లులు కూడా పెద్దగా విసుక్కోలేదు. పాడైన మందు వెయ్యకుండా ఆపింది కదా అని కుట్టుమిషను అమ్మాయి నర్సమ్మకి కుర్చీ తెచ్చి వేసింది. మా ఆవిడ అందరికీ టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఇరవై మూడు మందికి టీ అంటే ఇంకోరోజైతే గుండె ఒకసారి ఆగేది. ఆరోజు ఆగలేదు.

అంతా సర్దుకుంటున్న ఆ సమయంలో అక్క అడిగింది. "అమ్మాయ్, మరి పోయిన బుధవారం నా మనవరాలికి వేసింది?"

నర్సమ్మ లేచి చార్టు దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి ఒక్కొక్క గడీ చూసుకుంటూ వెళ్ళింది. "సోమవారం నాలుగు. మంగళవారం నాలుగు. బుధవారం నేనే చూశాను, ఐదు. ఆ తర్వాత కూడా నాలుగులే. అది బాగున్న మందే అక్కా. ఇది నిన్న రాత్రి గడ్డకట్టి ఉంటుంది. బాబాయ్‌గారు పూట తప్పకుండా రాశారు చూడండి."

"మా తమ్ముడి లెక్కలు పక్కాగా ఉంటాయిలే," అంది అక్క. ఆమె ముఖం తేలికపడింది. కొంగుతో పిండి తుడుచుకుని, మర వైపు కదిలింది.

ఊరుకుంటే నాకేం పోతుంది? ఏమీ పోదు. నా మనవడికి మూడు వారాల కిందట పడింది, అప్పటికి చక్రం మూడు మీదే ఉంది. ఆ పదకొండు మందికి వేసింది మంచిదో కాదో చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. చక్రం సంగతి ఒప్పుకున్నాను, నవ్వేశారు, టీ కూడా ఉడుకుతోంది.

ఒకప్పుడు నా కొట్లో ఒక పెట్టెడు అగ్గిపెట్టెలు తేమకి చెడిపోయాయి. నాకు తెలియక అమ్మాను. సాయంత్రానికల్లా సగం ఊరు వచ్చి నా మీద పడింది, అన్నీ వెనక్కి తీసుకున్నాను. వెలగని అగ్గిపుల్ల గీసిన క్షణాన్నే తెలిసిపోతుంది. పనిచెయ్యని టీకా అలా తెలియదు. ఆ జబ్బు వచ్చి గుమ్మంలో నిలబడ్డ రోజునే తెలుస్తుంది. అప్పుడు వెనక్కి తీసుకోవడానికి నా దగ్గర ఏముంటుంది?

"అక్కా, ఆగు," అన్నాను.

ఆగింది.

నేను చార్టు దగ్గరికి వెళ్ళి, ఆ వారం వరసలో ఆరోజు సాయంత్రం గడి మీద వేలు పెట్టాను. అప్పటికి పొద్దున పదిన్నర. ఆ గడిలో నాలుగు ఉంది. పక్కన గురువారం గడుల్లో కూడా ఉంది. శనివారం దాకా ఉంది.

నర్సమ్మకి వెంటనే అర్థమైంది. అక్కకి ఒక్క నిమిషం పట్టింది.

"రేపటిది ఇవాళే ఎలా తెలిసిందిరా నీకు?"

"తెలీదక్కా. చూడకుండా రాశాను. చక్రం తిప్పి పదిరోజులైంది. పోయిన సోమవారం, మంగళవారం సోడాలు కూడా గడ్డకట్టాయి. పాప ఒంట్లోకి వెళ్ళింది ఇదే మందు."

టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళు రాశావు అలా?"

"నా వంతు వచ్చినవి ఇరవై ఆరు రోజులు. చూసింది ఐదు."

"ఐదు," అంది అక్క. "నేను మర దగ్గర ఎంతమందికి చెప్పానో తెలుసా నీకు? భయం లేదు, మా తమ్ముడి కొట్లో ఉంది మందు, వాడు రెండుపూటలా చూస్తాడు అని చెప్పాను. నర్సమ్మని నమ్మి రాలేదురా వాళ్ళు, నిన్ను నమ్మి వచ్చారు."

నేను చార్టు మీద నుంచి వేలు తీసేశాను.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ఇవాళ తోడికోడలికి తోడుగా వచ్చింది గానీ ఆమె బిడ్డకి పోయిన బుధవారమే పడింది. "మావాడికి ఎక్కించింది మందు కాదా అయితే? ఏమైనా అవుతుందా వాడికి?"

నర్సమ్మ తడుముకోలేదు. "వాడికి హాని ఉండదమ్మా. సూది వేసిన చోట చిన్న గడ్డ లేవచ్చు, లేస్తే నాకు చూపించు. కానీ కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వీటి నుంచి కాపాడే బలం ఆ మందులో లేదు. వేసుకోనట్టే లెక్క. మళ్ళీ వెయ్యాలి."

"మళ్ళీనా? నాకొద్దమ్మా," అంటూ ఆమె బిడ్డని భుజానికెత్తుకుంది. పక్కన ఇద్దరు కూడా సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు. మూడు నెలల పని మూడు నిమిషాల్లో నా అరుగు దిగిపోతోంది.

"కూర్చో," అంది అక్క.

ఆ గొంతు మర హోరు మీంచి వినబడటానికి అలవాటు పడిన గొంతు. ఆవిడ కూర్చుంది.

"ఇరవై ఏడేళ్ళ కిందట మావాడి తొడ మీద గడ్డ లేస్తే ఎందుకు లేచిందని అడిగాను. ఒక్కడూ చెప్పలేదు. నేను సూదికి ఎప్పుడూ భయపడలేదు, ఆ చెప్పకపోవడానికి భయపడ్డాను. ఇవాళ ఈ అమ్మాయి చెడిన సీసాని మన కళ్ళముందు పెట్టి చెడిందని చెప్పింది. మా వెధవ ఆలస్యంగానైనా వాడి నోటితో వాడే చెప్పాడు. నాకు అది చాలు. మధ్యాహ్నం బస్సు రాగానే మొదట నా మనవరాలికే వేయిస్తా. మీ ఇష్టం మీది."

వడ్రంగి తన బిడ్డని ఒళ్ళో సరిగ్గా కూర్చోబెట్టుకుని, "ఆ టీ ఏదో ఇచ్చెయ్యండి అత్తా, చల్లారితే మళ్ళీ షావుకారు ఫ్రిజ్‌లో పెడతాడు," అన్నాడు.

ఈసారి నవ్వులో నేను కలవలేదు గానీ ఊపిరి మాత్రం ఆడింది.

అక్క నాకు శిక్ష అప్పుడే ఖరారు చేసింది. ఆ పదకొండు మందిలో ఇక్కడ లేనివాళ్ళ ఇళ్ళకి నర్సమ్మ వెళ్ళకూడదు, నేనే వెళ్ళాలి. గుమ్మం ముందు నిలబడి నేను చేసింది నా నోటితో చెప్పాలి. చార్టు పని ఇక మా ఆవిడది. "నాకు కళ్ళజోడుంది వదినా, నేను చూసే రాస్తాను," అంది మా ఆవిడ, నావైపు చూడకుండా. నర్సమ్మ నా నాలుగులన్నిటి మీదా ఎర్రగీత కొట్టి, పక్కన జరిగింది జరిగినట్టు రాయించి, నాచేత సంతకం పెట్టించింది. పైఆఫీసుకి వెళుతుందట అది. అందంగా రాసిన చార్టు మొత్తం ఎర్రబడిపోయింది.

బస్సు వచ్చేదాకా నేను నడిచాను. నా జన్మలో సరుకు అమ్మడానికి ఇంటింటికీ తిరగలేదు, చెడిన సరుకు వెనక్కి తీసుకోవడానికి తిరిగాను. మొదటి గుమ్మం దగ్గర మాట సబ్బుల ధర నుంచి మొదలుపెట్టాను. మూడో గుమ్మానికి మాటలు కుదిరాయి. ఐదో ఇంట్లో ముసలాయన అంతా విని, "ఇంతకీ తూకం కూడా చూడకుండానే వేస్తున్నావా ఏంటి?" అని అడిగాడు. కొట్టుకి వచ్చి స్వయంగా చూసుకోమన్నాను. ఏడో ఇంట్లో తలుపు నా ముఖం మీదే వేసేశారు. నేను అరుగు మీద కూర్చున్నాను. పావుగంటకి ఆ ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఎప్పుడు రావాలి?" అంది.

బస్సు రెండున్నరకి వచ్చింది. నర్సమ్మ మంచుపెట్టె తెరిచి, ముందు థర్మామీటర్ చూసి, దాన్ని అక్కకి చూపించి, ఆ తర్వాతే సూది ముట్టుకుంది. మొదటి ఏడుపు అక్క మనవరాలిదే. గట్టిగా, ఆరోగ్యంగా ఏడ్చింది. వరసగా తక్కిన ఏడుపులు వచ్చాయి. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టుకున్నాను. పోయిన వారం పిల్లల్లో ఆరు, ఏడు, ఎనిమిది. నాలుగున్నరకి తలుపు వేసుకున్న ఇంటావిడ వచ్చింది. తొమ్మిది. చివర్లో, పొద్దున లేచి వెళ్ళబోయినావిడ, బిడ్డతోపాటు మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పది.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత కడుపు నిండినట్టు అనిపించింది. పోగొట్టుకున్న నమ్మకం ఒక్కరోజులో ఎనిమిది గుమ్మాలు తిరిగి తెచ్చుకున్నవాడు ఇంకేం కోరతాడు? అక్క నా బల్ల మీద మోచెయ్యి ఆనించి, పొద్దున్నుంచి మొదటిసారి నావైపు సరిగ్గా చూసింది.

"కాళ్ళు నొప్పిగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఉండనీ," అంది. "పదకొండో బిడ్డ ఏది?"

నర్సమ్మ జాబితా చూసింది. పదకొండో వరసలో ఊరు లేదు, వీధి లేదు. "బాతులవాళ్ళ పాప, నెలా ఇరవై రోజులు" అని మాత్రం ఉంది. కోతలైన పొలాల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరినుంచి ఊరికి పోయే మొగుడూపెళ్ళాలు వాళ్ళు. పోయిన వారం మా కాలవగట్టున దిగారు. మర దగ్గర పిండి పట్టించుకోవడానికి వచ్చి, అక్క మాట విని, ఆ పాపని తెచ్చారు. శుక్రవారమే గుడారం ఎత్తేశారు.

"ఎక్కడికి పోయారో ఎలా తెలుస్తుంది?" అంది నర్సమ్మ. కలం మూత పెట్టలేదు.

"ఫోన్‌కి రీఛార్జి నా దగ్గరే చేయించుకున్నాడు," అన్నాను. నంబరు వెతికాను, కలిపాను, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాను.

మొదట బాతుల అరుపులు వినిపించాయి. తర్వాత మనిషి గొంతు. "ఎవరండీ?"

"నేనయ్యా, షావుకారుని. పాప ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందయ్యా. పాలు బాగా తాగుతోంది. ఏం, ఇలా ఫోన్ చేశారు?"

నర్సమ్మ కళ్ళు మూసి తెరిచింది. అక్క కుర్చీలో వెనక్కి వాలింది. నేను ఎనిమిది గుమ్మాల దగ్గర చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్ని మళ్ళీ ఎత్తుకోబోయాను. "పాపకి ఇంకో సూది వెయ్యాలి. ఎక్కడున్నారో చెప్పు, ఇప్పుడే బండి వేసుకుని వస్తాం."

"రాలేరయ్యా. కాలవ దిగువన పెద్ద వంతెన దాటాక వచ్చే ఊళ్లో ఉన్నాం. మొన్నటినుంచి రోడ్డుకి అడ్డంగా తాడు కట్టేశారు. లోపలివాళ్ళని బయటికి పోనివ్వట్లేదు, బయటివాళ్ళని లోపలికి రానివ్వట్లేదు. ఇక్కడ పిల్లలకి గొంతులు వాస్తున్నాయి. గొంతులో తెల్లటి పొర కడుతోందంట."

నర్సమ్మ నిలబడింది. "కంఠసర్పి," అంది మెల్లగా. జాబితా పక్కన పడేసి మంచుపెట్టె దగ్గరికి వెళ్ళింది.

"మీరు గుడారంలోనే ఉండండి," అన్నాను ఫోన్లో. "పాపని ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళొద్దు."

"పాప ఇక్కడ లేదయ్యా, వాళ్ళమ్మ దగ్గరుంది. ఆ జబ్బు పిల్లలున్న ఇంట్లో చాకిరీకి మనిషి కావాలంటే ఎవరూ ముందుకి రాలేదు. మేం మీ ఊళ్లో ఇచ్చిన టీకా కాగితం చూపించాం. మొన్నటినుంచి మా ఆవిడ అక్కడే పనిచేస్తోంది, పాపని కూడా అక్కడే పడుకోబెడుతోంది. సూది పడిందిగా, మాకేం భయం?"